గ్యాప్ లేని పిస్టన్ రింగు చేస్తే లీకేజీ ఆగిపోతుందా?

ప్రశ్న ఇది: "బీటెక్ మెకానికల్ చివరి సంవత్సరం. ఇంజన్‌లో కంప్రెషన్ లీకేజీని పూర్తిగా ఆపే పిస్టన్ రింగు డిజైన్ చేయాలని ప్రాజెక్టు తీసుకున్నాం. రింగుకి గ్యాప్ ఉండటం వల్లే కదా లీకవుతోంది, కాబట్టి గ్యాప్ తీసేద్దామని ఒక ఆలోచన. రింగు టెన్షన్ రెట్టింపు చేద్దామని ఇంకో ఆలోచన. ఇంత తేలికైన పని కంపెనీలు ఎందుకు చేయట్లేదు?"

సూటిగా చెప్పాలంటే మీ ఆలోచనలు రెండూ పనిచేయవు. గ్యాప్ పూర్తిగా తీసేస్తే రింగు వేడికి వ్యాకోచించి సిలిండర్‌లో పట్టేస్తుంది. టెన్షన్ (రింగు స్ప్రింగులా బయటికి తన్నే బలం) రెట్టింపు చేస్తే రాపిడి, అరుగుదల పెరుగుతాయి తప్ప లీకేజీ పెద్దగా తగ్గదు. సిలిండర్‌ని సీల్ చేసేది ప్రధానంగా గ్యాసే, రింగు బలం కాదు. మండిన గ్యాస్ రింగు పై సందులోంచి గ్రూవ్‌లోకి (పిస్టన్ చుట్టూ రింగు కూర్చునే గాడిలోకి) దూరి, రింగు వెనక్కి చేరి, దాన్ని బయటికి గోడ మీదికీ, కిందికి గ్రూవ్ అడుగు మీదికీ అదుముతుంది. ఈ రెండు చోట్లా రింగు సమంగా ఆనేలా చూడటమే డిజైనర్ పని. నేను కొన్నేళ్లు ఒక రింగుల ఫ్యాక్టరీలో టెస్టింగ్ సెక్షన్‌లో పనిచేసి, తర్వాత విజయవాడ ఆటోనగర్‌లో బోరింగ్ షాపు పెట్టుకున్నాను. కాబట్టి డ్రాయింగ్ మీద రింగు ఎలా ఉంటుందో, లక్ష కిలోమీటర్లు తిరిగాక ఎలా బయటికొస్తుందో రెండూ చూసే అవకాశం దొరికింది.

టెన్షన్ లెక్క చిన్నది, ముందు అది చూద్దాం. 80 మి.మీ. బోరు (సిలిండర్ లోపలి వ్యాసం), 1.2 మి.మీ. ఎత్తున్న టాప్ రింగు (పిస్టన్ మీది మూడు రింగుల్లో పైది) తీసుకోండి. దాని టాంజెన్షియల్ ఫోర్సు, అంటే రింగు కొసల్ని దగ్గరికి లాగి పట్టడానికి కావలసిన బలం, 10 న్యూటన్లు అనుకుందాం. ఆ ఫోర్సుకి రెట్టింపుని బోరు, ఎత్తుల గుణకారంతో భాగిస్తే రింగు గోడని నొక్కే ఒత్తిడి వస్తుంది. 20ని 96తో భాగిస్తే చదరపు మి.మీ.కి 0.21 న్యూటన్లు, అంటే సుమారు 2 బార్లు. పెట్రోలు ఇంజన్‌లో మంట అంటుకున్నాక ఒత్తిడి 50 నుంచి 80 బార్ల దాకా పోతుంది, ఇప్పటి టర్బో డీజిళ్లలో 150 కూడా దాటుతుంది. అంత ఒత్తిడి ముందు మీరు 2 బార్లని 4 చేస్తే ఒరిగేదేముంది? పైగా గ్యాస్ ఒత్తిడి గట్టిగా ఉండేది నాలుగు స్ట్రోకుల్లో కొంచెం సేపే, రింగు టెన్షన్ మాత్రం నాలుగు స్ట్రోకుల్లోనూ గోడని రుద్దుతూనే ఉంటుంది. అందుకే కార్ల కంపెనీలు కొన్ని దశాబ్దాలుగా టెన్షన్ తగ్గిస్తూ, రింగుని సన్నం చేస్తూ వస్తున్నాయి. ఒకప్పుడు 1.5, 2 మి.మీ. ఉండే టాప్ రింగు చిన్న పెట్రోలు కార్లలో ఇప్పుడు 1.2కి, కొన్నిట్లో 1.0కి వచ్చేసింది.

మరి ఆ 2 బార్లు మాత్రం ఎందుకంటారా? గ్యాస్ వచ్చేటప్పటికే రింగు గోడని తాకి ఉండాలి, లేకపోతే గ్యాస్ ముందు వైపు నుంచే జారిపోతుంది. సైకిల్ పంపులో తోలు వాషరు చూసే ఉంటారు. అది ఎండి ముడుచుకుపోతే ఎంత కొట్టినా గాలి ఎక్కదు. కాస్త నూనె రాసి అంచులు విప్పితే చాలు, ఆపైన గాలే దాన్ని గొట్టానికి అదుముతుంది. రింగు టెన్షన్‌ది కూడా ఆ మొదటి తాకుడు పనే.

ఇక గ్యాప్. 80 మి.మీ. బోరు చుట్టుకొలత 251 మి.మీ. ఇంజన్ వేడెక్కాక టాప్ రింగు ఉజ్జాయింపుగా 200 డిగ్రీలు, గోడ 120 డిగ్రీలు ఉందనుకోండి. పోత ఇనుము డిగ్రీకి మిలియన్‌లో 11 వంతులు సాగుతుంది. 80 డిగ్రీల తేడాకి రింగు గోడ కంటే 0.22 మి.మీ. ఎక్కువ సాగుతుందన్నమాట. చల్లటి ఇంజన్‌ని స్టార్ట్ చేసి వెంటనే లోడు వేస్తే గోడ వేడెక్కకముందే రింగు వేడెక్కుతుంది, తేడా ఇంకా పెరుగుతుంది. మామూలు ఇంజన్లకి బోరు అంగుళానికి 4 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు) అనే పాత లెక్క ఇందుకే వచ్చింది. మన 80 మి.మీ.కి అది 0.32 వస్తుంది. టర్బో ఉంటే ఇంకా ఎక్కువ ఇస్తారు. గ్యాప్ చాలక రింగు కొసలు రెండూ ఒకదాన్నొకటి తన్నితే ఏమవుతుందో షాపులో బాగానే చూశాను: గోడ మీద నిలువు గీతలు పడతాయి, రింగు విరుగుతుంది, ఒక్కోసారి పిస్టన్ ల్యాండ్ (గ్రూవ్‌ల మధ్య గట్టులా మిగిలిన భాగం) ముక్క ఊడి వస్తుంది. అనుమానం ఉన్నప్పుడు గ్యాప్ కాస్త ఎక్కువ పెట్టినా నష్టం తక్కువే, తక్కువ పెడితే మాత్రం ఇంజన్ పోతుంది.

పైగా ఆ గ్యాప్ మీరనుకున్నంత పెద్ద చిల్లు కాదు. రింగు మందంలో ఎక్కువ భాగం గ్రూవ్ లోపలే ఉంటుంది కదా, దాని కింద గ్రూవ్ అడుగు మూతలా అడ్డుపడుతుంది. కిందికి నిజంగా తెరుచుకుని ఉండేది పిస్టన్ ల్యాండ్‌కీ గోడకీ మధ్య ఉన్న సందు మేరకే. 0.3 గ్యాప్, 0.3 సందు అనుకుంటే 0.09 చదరపు మి.మీ. అంతే. 3000 ఆర్‌పీఎమ్ దగ్గర క్రాంకు 40 డిగ్రీలు తిరగడానికి పట్టేది 2.2 మిల్లీసెకన్లు. అంత చిన్న కంతలోంచి, అంత తక్కువ సమయంలో, దారిలో ఇంకో రెండు రింగులు దాటుకుని ఎంత గ్యాస్ పోగలదు? ఆరోగ్యంగా ఉన్న ఇంజన్‌లో కిందికి పోయేది లోపలికి పీల్చిన దాంట్లో ఇంచుమించు ఒక శాతం. దాన్ని కూడా పీసీవీ (క్రాంక్ కేస్ వెంటిలేషన్) వాల్వు మళ్లీ ఇన్‌టేక్‌లోకి పంపేస్తుంది. బ్రీదర్ గొట్టంలోంచి (క్రాంక్ కేసులో చేరిన గ్యాస్ బయటికి పోయే గొట్టం) గుప్పు గుప్పున పొగ వస్తుంటే, మా ఆటోనగర్‌లో "బ్యాక్ కంప్రెషన్ కొడుతోంది" అనే పరిస్థితి వస్తే, దోషం గ్యాప్‌ది కావడం అరుదు. రింగు గోడనో, గ్రూవ్ అడుగునో సరిగ్గా ఆనట్లేదని అర్థం.

గ్యాప్ లేని రింగులు అసలు లేవా అంటే, ఉన్నాయి. ఒక ప్రధాన రింగు, దాని కింద ఇంకో సన్నటి రింగు, రెండింటి గ్యాపులూ ఎదురెదురు దిక్కుల్లో పెట్టి జతగా వేస్తారు. రేసింగ్ వాళ్లు వాడతారు. విడిగా చూస్తే ఆ రెండు ముక్కలకీ గ్యాప్ ఉంది, ఒకదాని గ్యాప్‌ని రెండోది కప్పుతోంది. ఖర్చు ఎక్కువ, బరువు ఎక్కువ, ఒకే గ్రూవ్‌లో రెండు ముక్కలు ఒకదాన్నొకటి రుద్దుకుంటాయి. రోడ్డు మీద తిరిగే బండికి ఇది దండగ అని నా అభిప్రాయం. డ్రాగ్ రేసుల్లో పిస్టన్ పైనుంచి టాప్ రింగు వెనక్కి సన్నటి రంధ్రాలు వేసి గ్యాస్‌ని త్వరగా చేరుస్తారు. కిటుకు మంచిదే గానీ మామూలు బండిలో మసి పట్టి ఆ రంధ్రాలు పూడిపోతాయి.

రెండో రింగు గ్యాప్ టాప్ రింగు కంటే కాస్త ఎక్కువ ఉండాలి. ఇది చాలామందికి తలకిందులుగా అనిపిస్తుంది. టాప్ దాటి వచ్చిన గ్యాస్ రెండు రింగుల మధ్య ల్యాండ్‌లో పోగవుతుంది. రెండో రింగు దాన్ని గట్టిగా పట్టి ఉంచితే, పైన ఒత్తిడి తగ్గాక ఈ మధ్య ఒత్తిడి టాప్ రింగుని గ్రూవ్ అడుగు నుంచి పైకి లేపుతుంది. ఎక్కువ స్పీడులో రింగు బరువు వల్ల వచ్చే ఇనర్షియా కూడా దానికి తోడవుతుంది. రింగు లేచిందంటే సీలు పోయినట్టే, గ్యాప్ ఎంత చక్కగా పెట్టినా అక్కరకు రాదు. ఆ సందులోంచి నూనె కూడా పైకి పోతుంది. అందుకే పోగైన గ్యాస్‌ని కిందికి వదిలేయడం మేలు. కొన్ని పిస్టన్లలో ఒకటి, రెండు రింగుల మధ్య ఒక చిన్న ఖాళీ గాడి కనిపిస్తుంది, అందులో రింగేమీ ఉండదు. మధ్యలో ఘనపరిమాణం పెంచి ఒత్తిడి తగ్గించడానికి పెట్టింది అది. నిజానికి రెండో రింగుకి సీలింగ్ కంటే నూనె గీకే పనే ఎక్కువ. ముఖం ఏటవాలుగా ఉంటుంది, చాలావాటికి కింద కొక్కెంలాంటి అంచు కూడా ఉంటుంది. దాన్ని తిరగేసి వేస్తే నూనెని కిందికి గీకే బదులు పైకి తోడుతుంది. "టాప్" అనో ఒక చుక్కో ఉన్న వైపు పైకి ఉండాలి. కొత్త రింగులు వేసిన వారానికే ఇంజన్ నూనె తాగుతోందని వచ్చే బండ్లలో నేను మొదట అనుమానించేది దీన్నే.

టాప్ రింగు ముఖం మాత్రం కొద్ది మైక్రాన్ల మేర బయటికి ఉబ్బి ఉంటుంది, బ్యారెల్ ఫేస్ అంటారు. పిస్టన్ పైకీ కిందికీ పోతూ అటూ ఇటూ వాలుతుంది కదా, ముఖం చదునుగా ఉంటే అప్పుడు అంచు మీద నిలబడుతుంది. ఉబ్బు ఉంటే ఎటు వాలినా ఒక గీత మేర ఆనుతుంది, ముఖానికీ గోడకీ మధ్య నూనె పొర కూడా ఏర్పడుతుంది. లోపలి పై అంచుని చెక్కితే రింగు బిగించినప్పుడు కాస్త మెలితిరిగి, ముఖం కింది అంచు గోడని పట్టుకుంటుంది. ఇదొక పాత చిట్కా, ఇప్పటికీ పనిచేస్తోంది. ఇంకో ముఖ్య విషయం, విడిగా ఉన్న రింగు గుండ్రంగా ఉండదు, ఉండకూడదు కూడా. బోరులో పెట్టాక చుట్టూ అనుకున్న ఒత్తిడి వచ్చేలా దాని స్వేచ్ఛా ఆకారాన్ని క్యామ్ మీద తిప్పి కోస్తారు. ఫోర్ స్ట్రోకులో ఎక్కువ స్పీడు దగ్గర కొసలు గోడ వదిలి కొట్టుకోకుండా అక్కడ ఒత్తిడి కొంచెం ఎక్కువ పెడతారు. టూ స్ట్రోకులో కొసలు పోర్టుల్లో తట్టుకునే ప్రమాదం ఉంది కాబట్టి అక్కడ తగ్గిస్తారు, రింగు తిరక్కుండా గ్రూవ్‌లో పిన్ను కూడా పెడతారు. ఫోర్ స్ట్రోకులో రింగులు తిరుగుతూనే ఉంటాయి. గ్యాపులు 120 డిగ్రీల దూరంలో పెట్టి ఇంజన్ కట్టాలనే మాట మంచిదే, అయితే వంద కిలోమీటర్లు తిరిగాక అవి అక్కడే ఉంటాయని మాత్రం అనుకోవద్దు.

ఇప్పుడు మీ ప్రాజెక్టుకి నా దృష్టిలో అన్నిటికంటే పనికొచ్చే విషయానికి వస్తాను. బోరు ఎప్పుడూ గుండ్రంగా ఉండదు. డయల్ గేజి పెట్టి కొలిచినప్పుడు గుండ్రంగా ఉన్న బోరు, హెడ్ బోల్టులు బిగించగానే వంకర తిరుగుతుంది. సిలిండర్ చుట్టూ నాలుగు బోల్టులుంటే నాలుగు చోట్ల లోపలికో బయటికో లాగినట్టు అవుతుంది. ఇంజన్ వేడెక్కాక ఇంకో రకం వంకర. కోడిగుడ్డులా రెండు వైపులే సాగిన బోరుకి రింగు సులభంగా సర్దుకుంటుంది, నాలుగు వైపుల వంకరకి కష్టపడుతుంది, అంతకంటే ఎక్కువ ఒంపులుంటే చేతులెత్తేస్తుంది. అక్కడ వెలుతురు సందులా మిగిలిన ఖాళీ మీ గ్యాప్ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ లీకవుతుంది. అందుకే మంచి షాపుల్లో హెడ్ బదులు మందపాటి టార్క్ ప్లేటు బిగించి, బోల్టులకి పూర్తి టార్క్ ఇచ్చి, అప్పుడు హోనింగ్ (రాపిడి రాళ్లతో బోరు గోడని చివరిగా రుద్దడం) చేస్తారు. మా దగ్గర చాలా షాపుల్లో ఇది లేదు, ప్లేటుకి పెట్టుబడి పెట్టడం ఎవరికీ ఇష్టం ఉండదు, కస్టమరు కూడా అడగడు.

రింగు వైపు నుంచి దీనికి చేయగలిగింది ఏమిటంటే, దాన్ని వంగేలా చేయడం. వంగడానికి చూపే బిగువు రేడియల్ మందం (గోడ వైపు నుంచి లోపలికి కొలిచే మందం) ఘనాన్ని బట్టి ఉంటుంది. మందం 20 శాతం తగ్గిస్తే బిగువు దాదాపు సగానికి పడిపోతుంది. మీరు టెన్షన్ రెట్టింపు చేసి సాధించాలనుకున్నది టెన్షన్ పెంచకుండానే వచ్చింది చూశారా? రింగులు సన్నబడటానికి రాపిడి ఒక కారణమైతే ఇది ఇంకో కారణం. అయితే మందం తగ్గితే రింగు గ్రూవ్ అడుగు మీద ఆనే వెడల్పు తగ్గుతుంది, పిస్టన్ నుంచి గోడకి వేడి పోయే దారి కూడా ఇరుకవుతుంది, పోత ఇనుము అయితే విరిగే ప్రమాదం ఉంది. అందుకే సన్నటి టాప్ రింగులు స్టీలుతో చేసి నైట్రైడింగ్ (నైట్రోజన్‌తో ఉపరితలాన్ని గట్టిపరచడం) చేస్తారు, లేదా పైన క్రోమియం నైట్రైడ్ పూత వేస్తారు. పాత బండ్లకి క్రోమ్, మాలిబ్డినం పూతలు ఉండేవి, ఇప్పటికీ ఉన్నాయి. పూతల గురించి ఎక్కువ చెప్పను, ఒక్కటి గుర్తుంచుకోండి: క్రోమ్ వేసిన లైనర్‌లో (పిస్టన్ కదిలే సిలిండర్ గొట్టంలో) క్రోమ్ రింగు వేయొద్దు.

గ్రూవ్‌ని అందరూ మర్చిపోతారు. రింగు పైన కింద కలిపి సందు టాప్ గ్రూవ్‌లో సాధారణంగా 0.03 నుంచి 0.07 మి.మీ. మరీ తక్కువైతే మసి పట్టి రింగు ఇరుక్కుపోతుంది, గ్యాస్ వెనక్కి పోదు. మరీ ఎక్కువైతే రింగు పైకీ కిందికీ కొట్టుకుంటూ గ్రూవ్‌ని సుత్తిలా బాదుతుంది. అల్యూమినియం పిస్టన్‌కి అంత దెబ్బ తట్టుకునే శక్తి లేదు కాబట్టే డీజిల్ పిస్టన్లలో టాప్ గ్రూవ్ దగ్గర నికెల్ కలిసిన ఇనుప వలయం పోతలోనే పెడతారు. డీజిల్‌లో ఇరుక్కుపోయే సమస్యకి కీస్టోన్ రింగు వాడతారు, అడ్డకోతలో చూస్తే లోపలి వైపుకి పోయేకొద్దీ సన్నబడుతుంది. పిస్టన్ అటూ ఇటూ కదిలినప్పుడల్లా సందు మారుతూ మసిని నలిపి బయటికి తోసేస్తుంది.

రెండు కేసులు చెబుతాను. కృష్ణా జిల్లా నుంచి ఒక ట్రాక్టరు వచ్చింది. ఏడాది కిందట వేరే చోట హాఫ్ ఇంజన్ పని చేయించి కొత్త రింగులు వేయించారట, అయినా బ్యాక్ కంప్రెషన్ తగ్గలేదు. విప్పి చూస్తే ఎయిర్ క్లీనర్ గొట్టం క్లిప్పు వదులుగా ఉంది, దుమ్ము నేరుగా ఇంజన్‌లోకి పోతోంది. లైనర్ పై భాగం అరిగి వేలికి మెట్టు తగులుతోంది. కొత్త టాప్ రింగు ఆ మెట్టుకి తగిలి రెండు ముక్కలైంది. అరిగిన లైనర్‌లో కొత్త రింగు ఎంత ఖరీదైనది వేసినా లాభం లేదు. ఇక్కడ మీకు పనికొచ్చే చిట్కా ఒకటి: బోరు గేజి లేకపోయినా అరుగుదల కొలవొచ్చు. రింగుని లైనర్ అడుగున, అరగని చోట చదునుగా పెట్టి ఫీలర్ గేజితో గ్యాప్ చూడండి, తర్వాత పైన మెట్టు కింద పెట్టి చూడండి. రెండింటి తేడాని 3.14తో భాగిస్తే వ్యాసంలో అరుగుదల వస్తుంది. 0.31 తేడా వచ్చిందంటే 0.1 మి.మీ. అరిగింది.

రెండోది ఒక ఫంక్షన్ హాలు జనరేటరు. రింగులు, లైనరు, హోనింగ్ అన్నీ బాగానే చేశారు. అయితే కొత్త ఇంజన్ కదా, జాగ్రత్తగా ఉండాలని గంటల తరబడి లోడు లేకుండా నడిపారు. ముందే చెప్పినట్టు రింగుని గోడకి నొక్కేది గ్యాస్. లోడు లేకపోతే గ్యాస్ ఒత్తిడి లేదు, రింగు కూర్చోదు. హోనింగ్ వల్ల గోడ మీద పడే క్రాస్ హ్యాచ్ (ఒకదాన్నొకటి దాటే) గీతల్లో నూనె మాడి గోడ అద్దంలా మెరిసిపోయింది. మళ్లీ విప్పి, తేలికగా హోన్ చేసి, కొత్త రింగులు వేసి, ఈసారి మొదటి గంట నుంచే మధ్యస్థంగా లోడు వేసి నడిపిస్తే పొగ పోయింది. కొత్త ఇంజన్‌ని మరీ సుకుమారంగా చూసుకోవద్దని చెబితే ఓనర్లు నమ్మరు.

రింగుకి కోత పెట్టడం కొత్తేమీ కాదు. ఆవిరి ఇంజన్ల కాలంలో పిస్టన్ చుట్టూ జనపనార చుట్టి సీల్ చేసేవారు. బ్రిటన్‌లో రైలింజన్ల ఇంజనీరు జాన్ రామ్స్‌బాటమ్ 1850లలో కోత పెట్టిన లోహపు రింగు తెచ్చి, 1854లో అక్కడి మెకానికల్ ఇంజనీర్ల సంస్థకి దాని గురించి వివరించాడు. ఆ కోత వల్లే రింగు స్ప్రింగులా తెరుచుకుని గోడని పట్టుకోగలుగుతోంది. కోత తీసేస్తే రింగుకి ఉన్న గుణమే పోతుంది.

ప్రాజెక్టుకి నా సలహా: "లీకేజీ పూర్తిగా ఆపే రింగు" అనే పేరు మార్చండి, వైవాలో మొదటి ప్రశ్నకే దొరికిపోతారు. దాని బదులు ఒకే ఇంజన్‌లో రెండో రింగు గ్యాప్‌ని రెండు మూడు రకాలుగా మార్చి, బ్రీదర్ దగ్గర ఒక గ్యాస్ ఫ్లో మీటరు పెట్టి, వేర్వేరు లోడుల్లో ఎంత గ్యాస్ వస్తోందో కొలవండి. కాలేజీ ల్యాబులో ఉండే 5 హెచ్‌పీ సింగిల్ సిలిండర్ డీజిల్ ఇంజన్ చాలు. దానికి ముందు లీక్ డౌన్ పరీక్ష చేసి వాల్వులు బాగున్నాయో లేదో చూసుకోండి. కంప్రెషన్ స్ట్రోకు చివర పిస్టన్ టీడీసీలో (అన్నిటికంటే పై చోటులో) ఉండగా గాలి ఎక్కించి వినండి: సైలెన్సర్‌లో బుస్సుమంటే ఎగ్జాస్ట్ వాల్వు, ఎయిర్ ఫిల్టరు వైపు అయితే ఇన్‌టేక్ వాల్వు, ఆయిల్ పోసే మూత దగ్గరైతే రింగులు. వాల్వు లీకుని రింగు ఖాతాలో రాసేసి రిపోర్టు ఇచ్చిన పిల్లల్ని చూశాను.

ఇంజన్ బోరు ఎంత, లైనరు మార్చేదా బ్లాకులోనే కోసిందా, ఇప్పుడున్న గ్యాపులు ఎంతెంత అనేవి కొలిచి రాయండి. ఏ గ్యాపులతో మొదలుపెట్టాలో లెక్క వేసి చెబుతాను.